ఒకటింపావు నుంచి రెండున్నర దాకా

వంటింటి బల్ల దగ్గర
మార్చి 5

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి పదిహేను రోజులు పట్టింది. నువ్వు అలిగే మనిషివి కాదు కాబట్టి నిర్భయంగా ఆలస్యం చేశాను. ఫోను చేద్దామంటే, అది చెవిన పెట్టుకోగానే ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి నాతో పని పడుతుంది. పైగా ఫోనులో నువ్వు 'ఊ' అంటావు, 'సరే' అంటావు, పెట్టేస్తావు. కాగితం మీదైతే నీకు నాలుగు మాటలు ఎక్కువే వస్తాయి.

ఇక్కడ వసంతం వచ్చేసింది. వీధి చెట్లన్నీ పూశాయి, ఆ పుప్పొడంతా మా ఇంట్లో నాలుగు ముక్కుల్లోకి చేరింది. నీ మరిది ఒక్కడే తుమ్మడం లేదు. బస్సు తోలేవాడికి తుమ్మే హక్కు లేదట. పొద్దున చలి, మధ్యాహ్నం ఉక్క. పిల్లలకు పల్చటిది వెయ్యాలో మందపుది వెయ్యాలో తెలియక రెండూ వేసి పంపుతున్నాను, రెండింట్లో ఒకటి బళ్ళో పోతోంది. ఏడేళ్ళదానికి కిందటేటి గౌన్లన్నీ పొట్టివైపోయాయి. నాలుగేళ్ళ తూఫానుగాడు కుడి బూటు ఎడమ కాలికి తప్ప తొడుక్కోనంటాడు. పది నెలల చిన్నదానికి పళ్ళొస్తున్నాయి, ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఒళ్ళు హూనమైపోతోందక్కా. ఆసుపత్రిలో రోగుల మంచాలు సర్దుతూ, ఒక్క నిమిషం ఒకదాని మీద పడుకుంటే ఏమవుతుందా అనిపిస్తుంది.

మా ఏర్పాటు ఎలా ఉందని అడిగావు. నాది ఏడింటి నుంచి రెండింటి దాకా, ఇల్లు చేరేసరికి రెండున్నర. నీ మరిది డిపోలో ఒకటిన్నరకి సంతకం పెట్టాలి, ఒకటింపావుకి గడప దాటుతాడు. పెద్దది బడి నుంచి పన్నెండున్నరకే వచ్చేస్తుంది. ఒకటింపావు నుంచి రెండున్నర దాకా మేడమీది మామ్మగారు కిందికి దిగి పిల్లల దగ్గర కూర్చుంటారు. నేను వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసి, నడుం వాల్చడానికి పైకి వెళ్ళిపోతారు. ఆవిడ మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

వార్డులో ఉన్నట్టే ఇంట్లోనూ ఛార్జి పుస్తకం పెట్టాను, నవ్వకు. పిల్లకో గీత: తిన్నదీ లేనిదీ, నిద్ర, జ్వరం, మందు, ఏమైనా గొడవ. డ్యూటీ దిగేవాళ్ళు రాస్తారు, ఎక్కేవాళ్ళు చదువుతారు, చివర సంతకం. మామ్మగారు కళ్ళజోడు వెతుక్కోలేక ఒక సున్నా చుడతారు. మా కాపురం కూడా ఇప్పుడు ఆ పుస్తకంలోనే నడుస్తోంది. నిన్న నీ మరిది 'తూఫాను ముక్కులో పెన్సిలు ముక్క, తీశాను' అని రాసి, దాని కింద 'నువ్వు తిన్నావా' అని రాశాడు. డ్యూటీ బట్టలు మార్చుకోకుండా కూర్చుని ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను.

మే నెలాఖరుకి మా వార్డు ఇన్‌ఛార్జి దిగిపోతుంది. ఆ కుర్చీ నాకేనని అందరూ అంటున్నారు. పదకొండేళ్ళ చాకిరీ. అంతదాకా ఈ బండి ఇలా లాగించగలిగితే చాలు.

నీ చిట్టి


బైండింగు గది
మార్చి 12

చిట్టీ,

నీ అక్షరాలు కిందికి జారుతున్నాయి. నిద్రపోతూ రాశావు.

మాకూ ఇది రద్దీ కాలమే. బళ్ళు మూసేలోపు చిరిగిన పుస్తకాలన్నీ బస్తాల్లో వచ్చి పడతాయి. పిల్లలు పేజీల మధ్య ఏమేం దాస్తారో నీకు తెలియదు. నిన్న ఒకదాంట్లో ఎండిన బల్లి పిల్ల దొరికింది. కుట్టు విప్పడం, జిగురు గీకడం, మళ్ళీ కుట్టడం. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకోవు. యజమాని ఇంకో మనిషిని పెడతానంటూనే ఉన్నాడు. నేనుండగా ఆయనకి ఆ అవసరం కనపడదు.

అసలు సంగతి. పెద్దదాన్ని నా దగ్గరికి పంపు, రెండు నెలలు. ఒక పిల్ల తగ్గితే నీకు ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. బడి ఇక్కడికి రెండు వీధుల అవతల. అక్కడి హెడ్మాస్టరు తన పుస్తకాలన్నీ మా దగ్గరే కుట్టిస్తాడు, కాదనడు. నాకు మంచం ఒకటే ఉంది, ఇంకోటి కొంటాను. కిటికీ పక్కన వేస్తాను. నువ్వు ఇన్‌ఛార్జివి అయ్యాక వచ్చి తీసుకెళ్ళు.

మొహమాటపడకు. నిన్ను పెంచిన చేతులే ఇవి.

అక్క


నర్సుల గది
మార్చి 29

అక్కా,

టీ టైములో రాస్తున్నాను. పక్కన ఇద్దరు అమ్మాయిలు చీరలు, చెప్పులు అని ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈ లోకంలో ఇంకా అలాంటి సంగతులు ఉన్నాయన్నమాట.

నీ ఉత్తరం నీ మరిదికి సెలవురోజున పైకే చదివి వినిపించాను. రెండో మంచం దగ్గరికి వచ్చేసరికి కాగితం దించి కళ్ళు తుడుచుకున్నాను. ఆయన మాత్రం 'పిల్లను పంపడమేమిటి, బస్సులో మర్చిపోయిన గొడుగా' అన్నాడు. నేనూ అదే అన్నాను, ఇప్పుడు పంపననే. ఈ ఏర్పాటు కాస్తా చెడితే అప్పుడు వేరే దారి లేదు, పెద్దదాన్ని అక్క దగ్గరికి పంపాల్సిందే అన్నాను. చెడలేదు. పైగా ఇంకా బాగైంది, ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

మన పెద్దదాంట్లో ఏదో మార్పు వచ్చిందక్కా. పది రోజులుగా చూస్తున్నాను. నేను ఇంటికొచ్చేసరికి చిన్నదానికి బట్టలు మార్చి ఉంటాయి. తూఫానుగాడి బూట్లు అటక మీద ఉంటాయి, వాడు కుదురుగా కూర్చుని బొమ్మలు గీస్తుంటాడు. నేలమీద ఒక్క మెతుకు ఉండదు. ఇదివరకు నా గౌను పొట్టిదైంది, నా రొట్టె ముక్క చిన్నదైంది అని రోజుకు పది ఫిర్యాదులు వచ్చేవి. ఇప్పుడు ఏమీ అడగదు. 'నువ్వు కాసేపు పడుకో అమ్మా' అంటుంది. నిజంగానే పడుకుంటున్నాను. నీ మరిది దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. మామ్మగారి పెంపకమే అయ్యుండాలి. నిజంగా ముత్యం లాంటి పిల్ల అయిపోయింది.

టీచరు మాత్రం బళ్ళో కునుకుతోందని చీటీ పంపింది. ఎండలు ముదురుతున్నాయి కదా, ఎవరికైనా నిద్ర వస్తుంది.

చిట్టి


బైండింగు గది
ఏప్రిల్ 3

చిట్టీ,

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. చదివాక కుట్టిన పుస్తకం మళ్ళీ విప్పాల్సి వచ్చింది, దారం ఎక్కడికో పోయింది.

కొన్ని అడుగుతాను, ఒక్కొక్కదానికీ జవాబు రాయి. తమ్ముడితో దెబ్బలాడుతోందా? నువ్వు వచ్చాక బయటికి ఆడుకోవడానికి పరిగెత్తుతుందా, లేక నీ వెనకాలే తిరుగుతుందా? ఆకలేస్తోందని అది అడిగి ఎన్ని రోజులైంది? ఆఖరున ఎప్పుడు ఏడ్చింది?

ఏడేళ్ళ పిల్ల పది రోజుల్లో ముత్యం కాదు. ఏదో ఉంది. ఆ మామ్మగారితో మాట్లాడు, పుస్తకంలో కాదు, ఎదురుగా నిలబడి.

అక్క


ఇంటి నుంచి
ఏప్రిల్ 8

అక్కా,

కోపంతో రాస్తున్నాను, కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

నా ఇంట్లో ఒక్కటంటే ఒక్క సంగతి సవ్యంగా ఉంది. దాంట్లో కూడా పురుగు వెతకాలా? పిల్లలు గొడవ చేస్తే పెంపకం తెలియదంటారు, చెయ్యకపోతే ఏదో ఉందంటారు. నువ్వు పుస్తకాలను విప్పి చూస్తావు, అది నీ వృత్తి. నా పిల్లను కూడా కుట్లు విప్పి చూడక్కర్లేదు. దానికి ఒంట్లో బాగుంది. రోజూ పుస్తకంలో రాస్తున్నాను.

దాన్ని నేను పంపలేదని నీకు మనసులో ఉంటే ఆ మాటే నేరుగా చెప్పు.

చిట్టి


ఇంటి నుంచి
ఏప్రిల్ 16

అక్కా,

నీకు దణ్ణం పెడుతున్నాను. ఇది మొత్తం చదివేదాకా నన్నేమీ అనుకోకు.

మొన్న మధ్యాహ్నం మందుల కాగితాలు తీసుకుని ఎముకల డాక్టరు వరండాలోంచి వెళ్తున్నాను. బల్ల మీద మోకాలికి పట్టీతో మామ్మగారు కూర్చుని ఉన్నారు. టైము రెండింటికి పది నిమిషాలుంది. ఆవిడ ఇక్కడుంటే పిల్లల దగ్గర ఎవరున్నారు? 'పిల్లలేరీ మామ్మగారూ' అన్నాను. ఆవిడ నా మొహంలోకి వింతగా చూసి, 'నాకేం తెలుసమ్మా, నేను దిగడం మానేసి నాలుగు వారాలు కావస్తోందిగా. మోకాలు వాచి, మెట్లు వల్లకాక మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయాను. వెళ్ళే రోజున మీ పెద్దదానితో చెప్పాను, అమ్మతో చెప్పు, వేరే మనిషిని చూసుకోమను అని. చెప్తానంది' అన్నారు.

ఎలా ఇల్లు చేరానో తెలియదు. డ్యూటీ ఎవరికి అప్పగించానో కూడా తెలియదు. తలుపు తోస్తే తెరుచుకోలేదు, లోపల ఏదో బరువు అడ్డం ఉంది. 'ఎవరు' అంది. నేనేనన్నాను. ఆ బరువు లేచింది. తలుపుకి వీపు ఆనించి అదే కూర్చుని ఉంది, ఒళ్ళో చిన్నది. వంటింటి తలుపు వేసి దానికి కుర్చీ అడ్డం పెట్టింది. తూఫానుగాడు బయటికి పరుగెత్తకుండా వాడి బూట్లు అటక మీద పెట్టింది. బయటి గాలి తగిలితే తుమ్మి తుమ్మి ముక్కు ఊడిపోతుందని చెప్పిందట, వాడు నమ్మాడు. నన్ను చూసి 'ఇవాళ తొందరగా వచ్చావేం' అంది, నేనేదో తప్పు చేసినట్టు.

వాళ్ళ నాన్న వెళ్ళేటప్పుడు 'మామ్మగారు మెట్లు దిగుతున్నారు, నువ్వెళ్ళు నాన్నా' అనేదట. టైముకి డిపోలో సంతకం పడాలని ఆయన వెళ్ళిపోయేవాడు. నేను వచ్చేసరికి మామ్మగారు పైకి వెళ్ళిపోవడం అలవాటే. మేడ మీద దీపం వెలగట్లేదని కూడా మేమిద్దరం చూడలేదు. ఆయన చూశాడని నేను, ఆవిడ ఉన్నారని ఆయన, అందరూ ఉన్నారని పుస్తకం.

పుస్తకం తీశాను. మార్చి 19 నుంచి సున్నాలన్నీ అదే చుట్టింది. మామ్మగారి సున్నా పైన కలవదు, చిన్న తోక ఉంటుంది. ఇవి గుండ్రంగా, శ్రద్ధగా, నాలిక బయటపెట్టి చుట్టినట్టున్నాయి. మొదటిరోజే తెలిసిపోవాల్సింది. కానీ నేను ఏం చేశానో చెప్తాను విను. ఆ సున్నాల కింద నా చేత్తో 'పెద్దది: బాగుంది' అని రాశాను, రోజూ, దాని మొహం చూడకుండా, పై గీత చూసి కింద దించేశాను. వార్డులో కొత్త పిల్లలు ఈ పని చేస్తే పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టి 'మంచం దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి రాయి' అని నిలబెట్టి కడిగేసేదాన్ని. నా పిల్ల మంచం దగ్గరికి నేను వెళ్ళలేదక్కా.

ఎందుకు చెప్పలేదే అన్నాను. చెల్లెలి గౌను సర్దింది. తరవాత 'ఏర్పాటు చెడితే పెద్దమ్మ దగ్గరికి పంపేస్తానన్నావుగా' అంది. నీ ఉత్తరం చదివినప్పుడు అది పక్క గదిలో తమ్ముడికి జోల పాడుతోంది.

నాకు చేతకావడం లేదు. చేతకాదని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. వారం రోజుల సెలవు పెట్టాను, ఆ తరవాత ఏమిటో తెలియదు. నువ్వన్నదే నిజం. దాన్ని పంపుతాను. నీ దగ్గరైతే ఏ బరువూ లేకుండా చిన్నపిల్లలా ఉంటుంది. ఆ రెండో మంచం కొను. శనివారం నీ మరిది తీసుకొస్తాడు.

చిట్టి


బైండింగు గది
ఏప్రిల్ 19

చిట్టీ,

దాన్ని పంపకు.

మంచం కొన్నాను, నీ జవాబు రాకముందే మార్చిలోనే కొన్నాను. అయినా పంపకు. ఎందుకో రాస్తాను. చేతులకు జిగురు ఉంది, కాగితం అంటుకుంటే ఊరుకో.

అమ్మకు నడుము పడిపోయి మంచం పట్టిన సంగతి నీకు కథలాగే తెలుసు, నీకప్పుడు ఆర్నెల్లు. నాన్న పొద్దున మిల్లుకి వెళ్తే సాయంత్రం వచ్చేవాడు. పక్కింటావిడ చూస్తుందన్నారు, రెండు వారాలు చూసింది. ఆ తరవాత నేనే చూశాను. నాకు ఏడేళ్ళు. నీ పాలు, నీ బట్టలు, అమ్మ మందులు. ఎవరు వచ్చినా నా తల నిమిరి 'ముత్యం లాంటి పిల్ల' అనేవాళ్ళు. ఆ మాట ఎంత బాగుండేదో చెప్పలేను. దానికోసం ఇంకొంచెం చేసేదాన్ని. బడికి ఏడాదిన్నర వెళ్ళలేదు. అమ్మ లేచి తిరిగింది, నువ్వు నడిచావు, పరుగెత్తావు, అందరూ సంతోషించారు. 'ఇక చాలమ్మా, నువ్వు వెళ్ళి ఆడుకో' అని మాత్రం ఎవరూ అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదు. నేను మానలేదు.

ఇప్పటికీ మానలేదు. గదిలో నలుగురుంటే ఎవరికి దాహమేస్తోందో నాకు ముందు తెలుస్తుంది. నాకు దాహమేస్తే తెలియదు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఇంకొకరిని చూసుకోవాలన్న భయమే ముందు వచ్చింది, దానికి మీరందరూ ఆదర్శమని పేరు పెట్టారు. నీ పెద్దదాన్ని అడిగింది కూడా నీ కోసమేనని రాశాను, సగం అబద్ధం. చూసుకోవడానికి ఒకరు లేకపోతే సెలవురోజున ఏం చెయ్యాలో నాకు తెలియదు.

అది ఇక్కడికి వస్తే ఏమవుతుందో నేను చెప్తాను. సాయంత్రం నా వేళ్ళు ముడుచుకోవడం లేదని రెండో రోజే కనిపెడుతుంది. మూడో రోజున నీళ్ళు తోడుతుంది. నన్ను చూసుకోవడం మొదలుపెడుతుంది. నేను అడ్డం చెప్పలేను, నాకు బాగుంటుంది కాబట్టి.

నీ దగ్గరే ఉంచుకో. తిట్టకు, పొగడకు. ముత్యమని అసలే అనకు. దాని చేతిలోంచి పని నువ్వు తీసుకోవాలి, నువ్వే. అది ఇవ్వదు. లాక్కోవాలి.

అక్క


ఇంటి నుంచి
మే 11

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు వారాలవుతోంది. నిన్ను క్షమించమని అడగడానికి మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నాకప్పుడు ఆర్నెల్లన్న సాకు ఒకటుంది గానీ, ఆ తరవాతి ముప్పై అయిదేళ్ళకి లేదు. అందుకని నువ్వు చెప్పిన పని చేసి, అప్పుడు రాద్దామనుకున్నాను.

ముందు మా సంగతి. నీ మరిది తెల్లవారుజాము బస్సుకి మారాడు. పొద్దున లేవడమంటే ఆ మనిషికి ఉరికంబం ఎక్కడమే, అయినా ఒక్క మాట అనకుండా మారాడు. పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటాడు. నేను మధ్యాహ్నం డ్యూటీకి మారాను, ఒకటింపావుకి వెళ్తాను. ఇప్పుడు ముప్పావు గంట ఇద్దరమూ ఇంట్లో ఉంటున్నాం, ఏం మాట్లాడుకోవాలో తెలియక మొదటిరోజు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఇన్‌ఛార్జి కుర్చీ పొద్దుటి డ్యూటీవాళ్ళకే. నాకంటే నాలుగేళ్ళు చిన్నదానికి వెళ్ళింది. మంచిదే ఆ అమ్మాయి. చేతులు కడుక్కునే గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను, బయటికొచ్చి ఆమెకు అభినందనలు చెప్పాను. బాధగా లేదని నీతో అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంత చేసినా పెద్దది దిగలేదక్కా. వాళ్ళ నాన్న ఇంట్లో ఉండగానే వెళ్ళి తలుపు దగ్గర కూర్చునేది. నేను చిన్నదానికి పాలు పడుతుంటే వెనక నిలబడి సీసా వంపు సరిగ్గా ఉందో లేదో చూసేది. వద్దు, ఆడుకో అంటే వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చేది. నాకు వార్డు గుర్తొచ్చింది. మా దగ్గర ఎంత అలిసిపోయినా, ఎక్కేవాళ్ళు ఎదురుగా నిలబడి మొత్తం విని, సంతకం పెట్టేదాకా దిగేవాళ్ళు వార్డు వదలరు. దీని దగ్గర ఛార్జి ఎవరు తీసుకున్నారు?

ఒక సోమవారం పొద్దున యూనిఫారం వేసుకుని, పుస్తకం పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. 'ఛార్జి తీసుకోవడానికి వచ్చాను, చెప్పండి' అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నిటారుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. చిన్నది నీలం గుడ్డ చేతికిస్తేనే నిద్రపోతుందట. తూఫానుకి ఉరుమంటే భయమట, ఎవరికీ చెప్పొద్దన్నాడట. మార్చి 26న వాడు కుర్చీ మీంచి పడ్డాడట, కణత వాస్తే తడిగుడ్డ పెట్టిందట, నాకు తలుపు తగిలిందని చెప్పారట. ఏప్రిల్ 7న తనకే జ్వరం వచ్చిందట, నూటొకటి. అద్దం ముందు నిలబడి థర్మామీటరు పెట్టుకుని, పుస్తకంలో 'బాగుంది' అని నేను రాసింది చూసి, సరే అనుకుందట. నీకు కోపంగా ఉత్తరం రాశానే, దానికి ముందురోజు.

అరగంట చెప్పింది. అంతా రాసుకున్నాను. చదివి వినిపించాను. 'ఇంకేమైనా ఉందా' అన్నాను. ఆలోచించి, 'నాకు చాలా భయమేసేది' అంది. అదీ రాసుకున్నాను. కింద సంతకం పెట్టి, 'ఇక ముగ్గురూ నా డ్యూటీ, మీరు వెళ్ళొచ్చు' అన్నాను. ముగ్గురా అని వేళ్ళమీద లెక్కపెట్టుకుని, తనని కూడా కలిపానని తెలిశాక బల్ల కిందికి దూరి పడుకుంది. రెండు గంటలు నిద్రపోయింది.

మొన్న ఆదివారం వీధిలోకి బయల్దేరుతుంటే దానికి తన గౌను పొట్టిదైందని గుర్తొచ్చింది. ఆ గౌను వేసుకోనంది. ఇంకోటి వేసుకోనంది. జడ బిగువుగా ఉందంది, విప్పితే ఎందుకు విప్పావంది. నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంటూ నలభై నిమిషాలు ఏడ్చింది. తమ్ముడంటే ఇష్టం లేదంది, చెల్లెలంటే ఇష్టం లేదంది, నేనంటే అసలు ఇష్టం లేదంది. తూఫానుగాడు హడలిపోయి తన బూట్లు తెచ్చి ఇచ్చాడు, వాటినీ విసిరికొట్టింది. నేను గోడకి చేరగిలబడి కూర్చున్నాను. తల పగిలిపోతోంది, ప్రాణానికి హాయిగా ఉంది. నీ మరిది బయటి నుంచి వచ్చి 'ఏమైంది' అన్నాడు. ఏమీ కాలేదు, ఏడేళ్ళ పిల్ల అన్నాను.

అక్కా, నువ్వెలా ఉన్నావు? ముప్పై అయిదేళ్ళలో ఈ ప్రశ్న నేను ఉత్తరం చివర తప్ప రాయలేదు, ఇప్పుడూ చివరే వచ్చింది. అయినా జవాబు రాయి. బాగున్నానని రాయకు.

చిట్టి


బైండింగు గది
మే 15

చిట్టీ,

బాగాలేను.

అలిసిపోయాను. ఈ మాట రాశాక సూది, దారం, కత్తెర అన్నీ సర్దేశాను, పొద్దున పదకొండు గంటలకే. యజమానికి పది రోజులు రానని చెప్పాను. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అవునన్నట్టు తల ఊపాను.

శనివారం పొద్దుటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఇంట్లో నేను గిన్నె ముట్టుకుంటే నా చేతిలోంచి లాక్కో. మొదటి రెండు రోజులూ ఇవ్వను, మాటలతో వినను, గట్టిగా లాగు. చిన్నదాన్ని నా ఒళ్ళో పెట్టకు, కొన్నాళ్ళు. తనని పంపమన్నానని పెద్దది నా మీద అలిగి ఉంటే అలగనీ, సర్దిచెప్పకు. ఎక్కడో ఒకచోట నన్ను పడుకోనీ.

బస్టాండుకి ఎవరూ రానక్కర్లేదు, దారి నాకు తెలుసు అని రాశాను. పైన కొట్టేసి ఉన్నది ఆ వాక్యమే. నువ్వు రా.

అక్క